ఎనిమిది దేశాలు వద్దు మేడం, రెండు చాలు

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెప్తాను. మీరు రాజమండ్రిలో ఒక స్కూల్లో సంగీతం టీచరు, కర్ణాటక గాత్రం నేర్చుకున్నారు. దసరా సెలవుల తర్వాత ఏడు, ఎనిమిది తరగతులకు పొరుగు దేశాల జానపద సంగీతం, వాయిద్యాలు నేర్పి, వార్షికోత్సవంలో ప్రదర్శన పెట్టమని మేనేజ్‌మెంట్ అడిగింది. వారానికి రెండు పీరియడ్లు, క్లాసుకి నలభై మంది, బడ్జెట్ అంతంతమాత్రం. దేశానికొక పాట చొప్పున ఎనిమిది పాటలు అనుకుంటున్నారు. ఏ వాయిద్యాలు కొనాలి, ఎక్కడ దొరుకుతాయి, యూట్యూబ్ చూసి నేర్పేయవచ్చా అన్నది మీ టెన్షన్.

నేను మృదంగం నేర్చుకుని, ఆ తర్వాత డప్పు, జముకు వాయించేవాళ్ల వెంట తిరిగినవాణ్ణి. చాలా ఏళ్లుగా స్కూళ్లలో లయ నేర్పుతున్నాను. పొరుగు దేశాల వాయిద్యాలను కూడా ఆ దారిలోనే పిల్లల దగ్గరికి తీసుకెళ్లాను. అందుకే నా సమాధానంలో దరువు పాలు కాస్త ఎక్కువగానే ఉంటుంది. గాత్రం సంగతి మీకు నాకంటే బాగా తెలుసు.

ముందు ఆ ఎనిమిది పాటల ఆలోచన మానేయండి. మీకున్న పీరియడ్లను ఎనిమిది దేశాలకు పంచితే ఒక్కోదానికి రెండో మూడో వస్తాయి. అంతలో పిల్లలకు మిగిలేది వాయిద్యం పేరు, దేశం పేరు, జెండా రంగు. అది జీకే పీరియడ్‌లో చెప్పుకోవచ్చు. నేపాల్, బంగ్లాదేశ్ రెండూ చేత్తో వాయించేదాకా తీసుకెళ్లండి. శ్రీలంకను నోటితో, చప్పట్లతో చేయించండి. మిగతావన్నీ వినడానికి వదిలేయండి. ఆ రెండే ఎందుకంటారా? వాటి వాయిద్యాలు మన దేశంలోనే తయారవుతాయి, నేర్పేవాళ్లూ మన దేశంలోనే ఉన్నారు. డార్జిలింగ్, సిక్కిం ఇళ్లలో నేపాలీ పాట ఉంది. బెంగాల్ సంచార సాధువులు పాడే బౌల్ పాట 1947లో గీసిన గీతకు రెండువైపులా ఉంది. కూచ్ బిహార్‌లో పాడే భవాయియా, అవతల రంగ్‌పూర్‌లో పాడే భవాయియా ఒకే ప్రాంతపు పాట. విదేశాల నుంచి పార్శిల్ తెప్పించే బాధ ఉండదు, పాస్‌పోర్టు అక్కర్లేని గురువు దొరుకుతాడు.

ఇక మొదటి నాలుగు పీరియడ్లు వాయిద్యం బయటికి తీయకండి. పిల్లలు గోల చేస్తారు, చేయనివ్వండి. నలభై మంది ముందు రెండు మాదల్‌లు (నేపాలీ డోళ్లు) పెడితే ఇద్దరు వాయిస్తారు, ముప్ఫై ఎనిమిది మంది కబుర్లు చెప్పుకుంటారు. నేపాలీ జానపదంలో మొదట తెలియాల్సినవి రెండు నడకలు. ఒకటి ఖ్యాలీ, నాలుగేసి మాత్రల్లో నడుస్తుంది. రెండోది ఝ్యావురే, ఆరు మాత్రలు. ఖ్యాలీ మన పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది, భజనల్లో విన్న నడకే కాబట్టి. ఝ్యావురే దగ్గర మాత్రం ఒక తమాషా జరుగుతుంది. మీ దగ్గర సరళీ వరుసలు, అలంకారాలు నేర్చుకున్న పిల్లలు ఆరు అనగానే రూపకం వేసేసి, రెండూ నాలుగూగా విడగొట్టుకుంటారు. పాట ఒకవైపు, వీళ్ల చెయ్యి ఒకవైపు. కాసేపు తాళం మాన్పించి, లేచి నిలబడి మూడు మాత్రలకొక అడుగు చొప్పున పక్కకి వేయమనండి. కుడికి ఒకటి, ఎడమకి ఒకటి. కాలు కుదురుకున్నాక చెయ్యి దానంతట అదే సర్దుకుంటుంది. సంగీతం రాని పిల్లలు ఇక్కడ ముందుంటారు. వాళ్లకి మర్చిపోవాల్సిన లెక్క లేదు కదా!

తర్వాత నేలమీద బాసింపట్టు వేయించి, ఎడమ తొడమీద అరచెయ్యి, కుడి తొడమీద వేళ్లు వేయించండి. ఎడమది బరువు దెబ్బ, కుడిది తేలిక దెబ్బ. మాదల్ చేసే పని ఇదే. అది రెండువైపులా తోలు ఉన్న చిన్న చెక్క వాయిద్యం, మధ్యలో కాస్త ఉబ్బుగా ఉంటుంది. ఒళ్లో అడ్డంగా పెట్టుకునో, పట్టీతో మెడకో నడుముకో తగిలించుకునో వాయిస్తారు. ఎడమవైపు ముఖం పెద్దది, మంద్రంగా పలుకుతుంది. కుడివైపుది చిన్నది. రెండు ముఖాలకీ తోలు మధ్యలో నల్లటి పూత, అంటే కరణి ఉంటుంది. మీ స్కూల్లో మృదంగం నేర్చుకునే పిల్లవాడు ఉంటే మొదట చేసే పని ఎడమవైపు రవ్వ ముద్ద అంటించబోవడం. ముందే చెప్పి ఆపండి. మాదల్‌కి ఆ అవసరం లేదు, ఆ తడికి కరణి పాడవుతుంది.

ఎడమ చేతిదే అసలు పాఠం. పిల్లలు కొట్టి, చెయ్యి అక్కడే ఉంచేస్తారు. అప్పుడు చప్పుడు అట్టపెట్టె మీద కొట్టినట్టు చస్తుంది. అరచెయ్యి తగిలీ తగలగానే పైకి లేవాలి, ఆ లేవడంలోనే గుంకారం వస్తుంది. దీన్ని చూపించడానికి నేను పిల్లవాడి మణికట్టు కింద నా వేలు అడ్డంగా పెట్టి, "నా వేలుకి తగలకుండా వెనక్కి రావాలి" అంటాను. కుడి చెయ్యి వేళ్లు కలిపి, అంచుకి దగ్గరగా వేయాలి. గోళ్లు పెరిగి ఉంటే కత్తిరించుకుని రమ్మనండి. మాదల్ నేర్పేవాళ్లకు తమ పాటాక్షరాలు (దెబ్బలకు నోటితో పలికే అక్షరాలు) ఉంటాయి. అవి పుస్తకంలోంచి కాకుండా వాయించే మనిషి నోటి నుంచి వినిపించండి. అంతవరకూ మన "తక", "తకిట"లతో నడిపించేయవచ్చు, నష్టం లేదు.

హిందీ సినిమా పాటల్లో ఈ చప్పుడు పిల్లలు చాలాసార్లు విన్నారు, పేరు తెలియదంతే. డార్జిలింగ్ నుంచి వచ్చిన రంజిత్ గజ్మేర్ ఆర్.డి. బర్మన్ పాటల్లో మాదల్ వాయించారు. శ్రుతి చేసిన మాదల్‌లు వరసగా పెట్టుకుని స్వరాలు పలికించేవారు. ఈ సంగతి క్లాసులో చెప్తే ఇంటికెళ్లి వాళ్లే వెతికి వింటారు.

నేపాలీ పాటల్లో మీ తరగతికి అచ్చంగా సరిపోయేది దోహోరీ. రెండు జట్లు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు విసిరిన చరణానికి రెండోవాళ్లు అప్పటికప్పుడు జవాబు కట్టి పాడాలి. ఊళ్లలో అమ్మాయిల జట్టు, అబ్బాయిల జట్టు రాత్రంతా పోటీ పడేవారు. 1990ల తర్వాత కాఠ్‌మాండూలో దీనికోసమే రెస్టారెంట్లు వెలిశాయి. ఈ చరణాల కట్టుబడిలో ఒక సుళువు ఉంది. మొదటి పాదానికి పెద్దగా అర్థం ఉండక్కర్లేదు. కొండో, వాగో, పువ్వో ఏదో ఒకటి చెప్పి అంత్యప్రాస సిద్ధం చేసుకుంటారు. అసలు మాట రెండో పాదంలో పడుతుంది. మొదటి పాదం పాడేటప్పుడు రెండోది ఆలోచించుకునే టైము దొరుకుతుందన్నమాట. ఇది అర్థమైతే పిల్లలు తెలుగులోనే కట్టేస్తారు. ఒకసారి నా క్లాసులో అమ్మాయిల జట్టు ఇలా అందుకుంది:

కొలను గట్టున కొమ్మ మీద కొంగ వాలింది
లెక్కల సారు లోనికొస్తే లొల్లి ఆగింది

దానికి అబ్బాయిల జవాబు:

మామిడి తోటకు మంచు పడితే పూత రాలింది
మార్కుల కాగితం చేతికొస్తే మాట పోయింది

నేపాలీ పల్లవి నేపాలీలోనే ఉంచండి, చరణాలు మాత్రం తెలుగులో కట్టుకోనివ్వండి. దీనికి అభ్యంతరం చెప్పేవాళ్లుంటారు, "అసలు పాట చెడిపోతుంది" అని. నా ఉద్దేశంలో దోహోరీని బట్టీ పట్టించి పాడించడమే దాన్ని చెడగొట్టడం. అప్పటికప్పుడు కట్టడం పోతే ఆ పాటలో ఇంకేం మిగిలింది?

సారంగీ మాత్రం చూపించండి, వినిపించండి, నేర్పే సాహసం చేయకండి. నేపాలీ సారంగీ హిందుస్తానీ సారంగీ కంటే చిన్నది, ఒకే కర్రను తొలిచి చేస్తారు, నాలుగు తీగలు, కింది భాగానికి తోలు. ఎడమ చేతి గోళ్లతో తీగను పక్క నుంచి ఆనించి స్వరం పలికించాలి. పిల్లల గోళ్లకి ఒక టర్మ్‌లో అది సాగదు. కానీ సారంగీని వదిలేస్తే నేపాల్ పాఠం సగమే అవుతుంది, ఎందుకంటే దాని వెనక గంధర్వులున్నారు. గాయినేలు అని కూడా అనేవారు. ఊరూరా తిరిగి, గడప గడపకీ వెళ్లి పాడుతూ వార్తలు, యుద్ధాలు, రాజుల కథలు మోసుకెళ్లినవాళ్లు. రేడియో లేని రోజుల్లో కొండ ఊళ్లకి కబురు వాళ్ల పాటలోనే చేరేది. వాళ్లని అంటరానివాళ్లుగా చూశారు. పెళ్లిలో "పంచే బాజా" అనే మేళం వాయించే దమాయి కులంవాళ్ల పరిస్థితీ అంతే. వాళ్ల సన్నాయి లేకుండా శుభకార్యం జరగదు, వాళ్లని మాత్రం ఇంట్లోకి రానివ్వరు. శ్రీలంకలో డోలు వాయించే బెరవా కులానిదీ ఇలాంటి కథే.

దీన్ని దాటవేయకండి. మన పిల్లలకు డప్పు తెలుసు. కిన్నెర తెలుసు, కనీసం 2022లో దర్శనం మొగిలయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు టీవీలో చూశారు. ఊరంతటికీ కావలసిన సంగీతం, ఊరు దూరంగా పెట్టిన మనిషి చేతిలో ఎందుకుందో ఎనిమిదో తరగతి పిల్లలు మాట్లాడగలరు. ఒక జాగ్రత్త: "మీ ఇంట్లో డప్పు ఉందా?" అని ఏ పిల్లవాణ్ణీ వేలెత్తి అడగకండి. "డప్పు ఎవరికి వచ్చు?" అని మొత్తం క్లాసుని అడిగి ఊరుకోండి. చెప్పాలనుకున్నవాడు చెప్తాడు. వాడు ముందుకొస్తే ఆ రోజు దరువు బాధ్యత వాడికి అప్పజెప్పండి.

బంగ్లాదేశ్ పాఠాన్ని జాతీయగీతంతో మొదలుపెట్టండి. టాగూర్ రాసినదని పిల్లలకు తెలుసు. దాని బాణీ మాత్రం గగన్ హర్కరా అనే తపాలా బంట్రోతు పాడిన బౌల్ పాట నుంచి వచ్చింది. షిలాయిదహలో ఉత్తరాలు పంచుతూ పాడేవాడాయన. ఒక దేశం లేచి నిలబడి పాడే బాణీ ఉత్తరాలు పంచే మనిషి గొంతులోంచి వచ్చిందంటే పిల్లలు చెవులు రిక్కించి వింటారు. అక్కడి నుంచి కుష్టియా దగ్గర ఛేవుడియాలో ఉండిన బౌల్ కవి లాలన్ ఫకీర్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆయన 1890లో పోయాడు. హిందువా ముస్లిమా అని అడిగినవాళ్లకు జవాబు చెప్పకుండానే బతికాడు. బంగ్లాదేశ్ బౌల్ పాటలను యునెస్కో 2005లో గుర్తించి, 2008లో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

వాయిద్యానికి వస్తే, ఏక్‌తారా పిల్లలతోనే చేయించండి. బౌళ్లు పట్టుకునే రకం సొరబుర్రతో గానీ కొయ్యతో గానీ చేస్తారు. అడుగున తోలు, పైన తెరిచి ఉంటుంది. రెండుగా చీల్చిన వెదురు అటూ ఇటూ బిగించి, పైన కలిసే చోట బిరడా పెడతారు. తోలు మధ్య నుంచి బిరడా దాకా ఒక్కటే తీగ. స్కూల్లో అయితే ఖాళీ పాలపొడి డబ్బా చాలు. మూత తీసేసి, అడుగు రేకుకి సరిగ్గా మధ్యలో సన్నని మేకుతో బెజ్జం పెట్టండి. గిటారు తీగ కొనకున్న చిన్న గుండుకి చొక్కా గుండీ తగిలించి, బయటి నుంచి లోపలికి తీయండి. గుండీ లేకపోతే గుండు రేకుని చీల్చుకుని వచ్చేస్తుంది. రెండడుగుల వెదురు ముక్కను కణుపు దాకా చీల్చి, రెండు చీలికలూ డబ్బాకి ఇరువైపులా స్క్రూలతో బిగించాలి. వెదురు చీల్చడం, స్క్రూలు బిగించడం వడ్రంగి చేత చేయించండి, పిల్లల చేతికి కత్తి ఇవ్వొద్దు. తీగ మీటుతూ రెండు చీలికలనీ పిడికిట్లో నొక్కితే స్వరం కిందికి జారుతుంది, వదిలితే తిరిగి పైకి వస్తుంది. ఆ జారుడు వినగానే క్లాసంతా నవ్వుతుంది. నవ్వు ఆగాక, పాట ఆధార షడ్జానికి తీగను శ్రుతి చేసి, నొక్కకుండా మీటుతూ పాడమనండి.

ఇంకో వాయిద్యం ఖమక్. దీన్ని చూసి మీ ఉత్తరాంధ్ర స్నేహితులెవరైనా "ఇది మన జముకే కదా" అంటే ఆశ్చర్యపోకండి. డోలు ముఖానికి కట్టిన తీగ రెండో కొనను చేతితో పట్టుకుని లాగుతూ, వదులుతూ మీటడం ఖమక్ పద్ధతి. జముకుల కథలో, బైండ్లవాళ్ల జమిడికలో జరిగేది అదే పని. అంటే ఖమక్ కొనకపోయినా ఫర్వాలేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు జముకు కళాకారుణ్ణి ఒక్క పూట పిలిపించి, పక్కన ఖమక్ వీడియో పెట్టండి. ఏది ఎక్కడిదో పిల్లలు చెవితో తేల్చుకోలేక తికమకపడతారు. నోట పట్టుకుని మీటే మోర్సింగ్ విషయంలోనూ ఇలాగే చేయవచ్చు. నేపాల్‌లో దాని జోడు ముర్చుంగా.

గాత్రంలో మీరు భాటియాలీ నేర్పండి. పడవవాళ్ల పాట. తరచు పై స్థాయిలో సాగదీసి ఎత్తుకుని, మెల్లగా కిందికి దిగుతుంది. తాళం ఒత్తిడి తక్కువ. మీకొచ్చే చిక్కు గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడటం. మీ గొంతు అలవాటు కొద్దీ ప్రతి దీర్ఘానికీ కంపితం వేస్తుంది, పిల్లలు అది పట్టుకుంటారు, పది నిమిషాల్లో పడవ పాట కాస్తా కీర్తన అయిపోతుంది. అందుకే మొదటిసారి మీరు పాడి వినిపించకండి. అబ్బాసుద్దీన్ అహ్మద్ లాంటి పాతవాళ్ల రికార్డింగు వినిపించి, మీరూ పిల్లలతో పాటు కూర్చుని నేర్చుకోండి. బయట గ్రౌండులోకి తీసుకెళ్లి, ఆ చివర ఒకరిని, ఈ చివర ఒకరిని నిలబెట్టి పాడించండి. దూరానికి వినిపించాలనే అవసరం ఉంటే గొంతు తెరుచుకుంటుంది.

భాష గురించి ఒక మాట. లిపి మార్చే యాప్‌లతో బెంగాలీ సాహిత్యాన్ని తెలుగులోకి దించుకోవద్దు. అక్షరం ఒకటి, పలుకు ఇంకొకటి. మనం "అ" అనుకునేది వాళ్లు చాలాచోట్ల "ఒ"కి దగ్గరగా పలుకుతారు. తెలిసిన బెంగాలీవాళ్ల చేత సాహిత్యం మెల్లగా చదివించి వాట్సాప్‌లో ఆడియో తెప్పించుకోండి. అది వింటూ మీ చెవికి ఎలా పడితే అలా తెలుగులో రాసుకోండి. నేపాలీకి అయితే మీ స్కూల్లోనే మనిషి ఉండొచ్చు. కోస్తా పట్టణాల్లో హోటళ్లలో, అపార్టుమెంట్లలో పనిచేసే నేపాలీ కుటుంబాలు చాలానే ఉన్నాయి, వాళ్ల పిల్లలు మన స్కూళ్లలోనే చదువుతున్నారు. అలాంటి తల్లినో తండ్రినో పిలిస్తే గౌరవంగా పిలవండి, కుర్చీ వేయండి, అతిథిగా పరిచయం చేయండి, అందరికీ ఇచ్చినట్టే పారితోషికం ఇవ్వండి. "వాచ్‌మన్ పాట పాడాడు" అన్న మాట పిల్లల నోట రాకూడదు.

శ్రీలంకకి నోరు, చేతులు చాలు అన్నాను. క్యాండీ ప్రాంతపు గెట బెరయ అనే డోలు నేర్చుకునేవాళ్లు మొదట పలికే నాలుగు అక్షరాలు తత్, జిత్, తొం, నం. మన మృదంగం మొదటి పాఠం త, ధి, తొం, నం. క్లాసులో మృదంగం పిల్లవాడు ఉంటే రెండూ పక్కపక్కన చెప్పించండి, ఇక మీరు వివరించేది ఏమీ ఉండదు. వాళ్ల లెక్కలో సులు తిత రెండు మాత్రలు, మెదుం తిత మూడు, మహ తిత నాలుగు. క్లాసుని మూడు జట్లు చేసి, మూడూ ఒకేసారి చప్పట్లతో వేయిస్తే పన్నెండో మాత్ర తర్వాత అందరూ కలవాలి. మొదట కలవరు. కలిసిన రోజు పిల్లల అరుపులకు పక్క క్లాసు టీచరు వస్తారు, ముందే చెప్పి ఉంచండి.

అక్కడి ఇంకో అందమైన అలవాటు రబాన అనే డోలు. ఏప్రిల్ నడుమ వచ్చే సింహళ కొత్త సంవత్సరానికి ఆడవాళ్లు పెద్ద రబాన చుట్టూ కూర్చుని కలిసి వాయిస్తారు, దరువుకి సరదా మాటలు కట్టి పాడతారు. వాయించే ముందు కింద నిప్పులు పెట్టి తోలు బిగిస్తారు. డప్పు కాచడం చూసిన పిల్లలు "మా ఊళ్లోనూ అంతే" అంటారు. యక్ బెరయ అనే డోలు మాత్రం తొవిల్ అనే వైద్య కర్మకాండలో వాయించేది. దాన్ని, అందులో వేసుకునే ముసుగులనీ ఫ్యాన్సీ డ్రెస్ కింద మార్చకండి. అన్నట్టు, శ్రీలంకలో పాములాడించే అహికుంటక జనం ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఇది చెప్పకుండా శ్రీలంక పాఠం ముగించకండి.

మిగతా దేశాలు వినికిడి పీరియడ్లో పెట్టుకోండి. భూటాన్‌కి ఏడు తీగల ద్రామ్‌ఞెన్, నిదానంగా సాగే ఝుంగ్‌ద్రా పాట. అంత నెమ్మది పాటకు పిల్లలు మొదట నిద్రపోతారు, కళ్లు మూసుకుని వినమంటే కొందరికి పట్టుబడుతుంది. మాల్దీవులకి బొడు బెరు, మెల్లగా మొదలై ఊపందుకునే దరువు, వాళ్లకి భలే నచ్చుతుంది. మయన్మార్‌లో పట్ వాయింగ్ అని 21 డోళ్లను గుండ్రంగా కట్టి మధ్యలో ఒకరు కూర్చుని వాయిస్తారు. అన్నం, బూడిద కలిపిన ముద్ద అంటించి ఒక్కో డోలుని శ్రుతి చేస్తారు. మృదంగం రవ్వ గుర్తుకొస్తుంది కదా. వాళ్ల విల్లు ఆకారపు వీణ సౌంగ్ లాంటిది అమరావతి స్తూప శిల్పాల్లో ఉంది. మన దగ్గర అది రాతిలోనే మిగిలింది, వాళ్ల దగ్గర ఇంకా మోగుతోంది. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఉంది, రంగూన్ నుంచి తిరిగొచ్చిన తెలుగువాళ్లది. అటువైపు బంధువులున్న పిల్లలుంటే ఇంట్లో పెద్దవాళ్లు అక్కడ విన్న పాటల గురించి అడిగి రమ్మనండి.

పాకిస్తాన్ వచ్చేసరికి తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేస్తారు. వాదన పెట్టుకోకుండా థార్ ఎడారితో మొదలుపెట్టండి. జైసల్మేర్, బార్మేర్ వైపు మాంగణియార్, లంగా అనే గాయక కులాలవాళ్లు, అవతల సింధ్ గాయకులు ఒకే ఎడారి మనుషులు. జంట పిల్లనగ్రోవి లాంటి అల్గోజా సరిహద్దుకి రెండువైపులా ఉంది. దాన్ని పిల్లల చేత ఊదించలేం, ఊపిరి ఆపకుండా తిప్పి ఊదాలి. సింధ్‌లోని బోరీందో మాత్రం చేయించవచ్చు. గుప్పిట్లో పట్టే మట్టి బంతి, లోపల డొల్ల, ఊదడానికి ఒక పెద్ద బెజ్జం, వేళ్లకి చిన్న బెజ్జాలు. కుమ్మరి ఒకరు ఒప్పుకుంటే ఒక మధ్యాహ్నం పని. సగం పలకవు, పగిలేవి పగులుతాయి, పలికినవాటితో క్లాసు హోరెత్తిపోతుంది. ఆఫ్ఘనిస్తాన్ తీగ వాయిద్యం రబాబ్ వినిపించి, సరోద్ దానిలోంచే వచ్చిందని చెప్పండి. 2024 డిసెంబరులో దాని తయారీని, వాదనాన్ని ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌ల పేరు మీద యునెస్కో జాబితాలో చేర్చారు. 2021 ఆగస్టులో తాలిబాన్లు వచ్చాక కాబూల్ సంగీత పాఠశాల పిల్లలు, టీచర్లు పోర్చుగల్ వెళ్లిపోవాల్సి వచ్చింది. అప్పుడు వాళ్లలో మీ పిల్లల వయసువాళ్లూ ఉన్నారు. ఆ విషయం చెప్పి, రబాబ్ వినిపించి, కాసేపు మాట్లాడనివ్వండి.

యూట్యూబ్ చూసి నేర్పేయవచ్చా అన్నారు. వినడానికి, పట్టు చూడటానికి చాలు. నేర్పడానికి చాలదు, ఎందుకంటే మీ పిల్లవాడి చెయ్యి ఎక్కడ తప్పుతోందో అది చూడలేదు. కనీసం రెండు పూటలు వాయించే మనిషి క్లాసులో ఉండాలి. వీడియోల్లోనూ స్టేజీ మీద కీబోర్డు పెట్టి వాయించేవి వదిలేసి, ఊళ్లో, ఇంటి అరుగుమీద రికార్డు చేసినవి వెతకండి. యునెస్కో వారసత్వ జాబితా సైటులో ఒక్కో అంశానికీ చిన్న ఫిల్ములున్నాయి, స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ అనే అమెరికా రికార్డుల సంస్థ దగ్గర పాత రికార్డింగులున్నాయి. నేపాల్ వాయిద్యాల పేర్లకి, ఫోటోలకి 1995లో కాఠ్‌మాండూలో పెట్టిన సంగీత మ్యూజియం మంచి ఆధారం. మీకు టీచర్ల ట్రైనింగు కావాలంటే హైదరాబాద్ మాదాపూర్‌లోని సీసీఆర్‌టీ (కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ) కేంద్రం క్యాలెండర్ చూడండి. అక్కడ నేర్పేది ఎక్కువగా మన కళలే అయినా, వేరే ప్రాంతపు కళను క్లాసులోకి ఎలా తేవాలో తెలుస్తుంది.

కొనుగోలు: మాదల్‌లు నాలుగు చాలు, సిలిగురి, డార్జిలింగ్ దుకాణాల నుంచి తెప్పించుకోవచ్చు. తబలా జత కంటే చాలా చౌక. బెంగాలీ వాయిద్యాలకి కోల్‌కతా లాల్‌బజార్ వీధి. మీ ఊరి నుంచి హౌరాకి నేరుగా రైళ్లున్నాయి, ఎవరైనా వెళ్తుంటే చేతికి పని అప్పజెప్పండి. మంచి ఏక్‌తారా ఒకటి, డబ్బు మిగిలితే దొతారా (మీటే తీగ వాయిద్యం) ఒకటి, మందిరలు (చిన్న తాళాలు) రెండు జతలు. తోలు ఏమిటో అడిగి, మేకతోలు అని బిల్లు మీద రాయించుకోండి. ఉడుము తోలుతో చేసిన పాత వాయిద్యాలు ఇంకా అమ్మకానికి కనబడతాయి. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, కంజీర వాయించేవాళ్లని అడిగితే చెప్తారు. ఫోన్లో బేరమాడేటప్పుడు ఒక్కో మాదల్‌నీ వాయించి ఆడియో పంపమనండి. షోకేసులో పెట్టుకునే బొమ్మ మాదల్‌లు కూడా అవే దుకాణాల్లో ఉంటాయి, ఫోటోలో తేడా తెలియదు.

మార్కుల విషయానికి, వాయిద్యాల పేర్లు రాయించే పరీక్ష పెట్టకండి. ఐదుగురేసి పిల్లల జట్టుకి ఒక చరణం, ఒక నడక. తప్పు పోయినప్పుడు ఆగకుండా మళ్లీ కలిశారా లేదా అన్నదానికే సగం మార్కులు ఇవ్వండి.

వార్షికోత్సవానికి మేనేజ్‌మెంట్ కచ్చితంగా డ్రెస్సులు, ట్రాక్ పెట్టి డ్యాన్సు అంటుంది. మీరు ముందే పన్నెండు నిమిషాల కార్యక్రమం కాగితం మీద రాసి ఇచ్చేయండి: ఒక భాటియాలీ, పిల్లలు కట్టిన చరణాలతో ఒక దోహోరీ, మధ్యలో తితల చప్పట్లు. పిల్లలు కూర్చునే వాయిస్తారు, స్కూల్ యూనిఫాం చాలు. దోహోరీలో చివరి చరణం అప్పటికప్పుడు ప్రిన్సిపాల్ మీద కట్టమని రహస్యంగా చెప్పి ఉంచండి, హాలు అదిరిపోతుంది. పాట నేర్పినవాళ్ల పేర్లు ప్రోగ్రాం కార్డులో వేయించండి, వాళ్లకిచ్చే డబ్బు డ్రెస్సుల బడ్జెట్లోంచి ఇప్పుడే పక్కకి తీయించండి. తర్వాత అడిగితే పుట్టదు.

మాదల్‌లకి ఈ వారమే ఆర్డరు పెట్టండి. అక్కడ కూడా దశైం (నేపాలీల దసరా) పండక్కి దుకాణాలు మూతపడతాయి, పార్శిళ్లు ఆగిపోతాయి. వచ్చాక ఒకసారి వాయించి ఆడియో ఇక్కడ పెడితే ఎడమ ముఖం పలుకు సరిగ్గా ఉందో లేదో చెప్తాను.